మోచేతి కొలత

సైకిళ్ళ దుకాణంలో పనిచేసి రిటైరయ్యానని చెబితే చాలు, మా అపార్ట్‌మెంట్ పిల్లలు నన్ను పెద్ద సైకిల్ వీరురాలిని చేసేస్తారు. "అయితే చిన్నప్పటి నుంచీ తొక్కేవారా ఆంటీ?" అని కళ్ళు పెద్దవి చేసి అడుగుతారు. వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఇష్టంలేక నవ్వి ఊరుకుంటాను. నిజానికి అమీర్‌పేటలోని ఆ దుకాణంలో చేరిన కొత్తలో నాకు సైకిల్‌కి స్టాండు వెయ్యడం కూడా రాదు. బల్ల వెనక కూర్చుని బిల్లు రాయడం, డబ్బు తీసుకుని సొరుగులో వెయ్యడం, "మంచి సైకిలండీ, తీసుకోండి" అనడం, ఇంతే నా పని. ఈత రానివాడు గట్టున కూర్చుని లోతు చెప్పినట్టు నేను సైకిళ్ళ గురించి చెప్పేదాన్ని. కొనేవాళ్ళు నమ్మేవారు కూడా.

మొన్న మా మేనకోడలి కూతురు సైకిల్ కొనుక్కుంటానని నన్ను తోడు తీసుకెళ్ళింది. అద్దాల షోరూము. పిల్లని నిలబెట్టి కాళ్ళ పొడవు, చేతుల పొడవు, భుజాల వెడల్పు అన్నీ టేపుతో కొలిచారు. తర్వాత ఎక్కించి, తొక్కించి, పక్క నుంచి చూసి, మళ్ళీ దింపి సర్దారు. కొలిచినవాడు మగవాడే. వాడు తల తిప్పుకోలేదు, ఇది సిగ్గుపడలేదు. నేను పక్కన నిలబడి ఒకటే నవ్వు. "ఎందుకమ్మమ్మా నవ్వుతున్నావు?" అంది. అంతమందిలో ఏం చెప్పను? ఇంటికొచ్చి ఇదిగో, తీరిగ్గా రాస్తున్నాను. సైకిళ్ళు తొక్కే అమ్మాయిలూ, ఇది మీకే.

ఎనభైల్లో సంగతి. మా అన్నయ్యకి సనత్‌నగర్ ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే తెనాలి నుంచి నేనూ వాళ్ళతో వచ్చేశాను. అమీర్‌పేట అంటే ఇప్పటిలా తలలు తప్ప నేల కనిపించని చోటు కాదు అప్పుడు. రోడ్డు పక్కన చెట్లు, డబుల్ డెక్కర్ బస్సు వెళ్తే ఆ కొమ్మలు కిటికీల్లోకి దూరడం, మధ్యాహ్నం రెండింటికి కుక్కలు రోడ్డు మధ్యలో నిద్రపోవడం నాకు గుర్తు. పంజాగుట్ట వైపు వెళ్ళే రోడ్డు మీద మా దుకాణం. దానికెదురుగా ఇరానీ హోటలు. ఆ హోటల్లో ఒక చాయ్ తాగి మూడు గంటలు కూర్చునే మనుషులు ఎప్పుడూ పదిమందికి తక్కువ ఉండేవారు కాదు. మా దుకాణంలో ఏం జరిగినా మొదటి ప్రేక్షకులు వాళ్ళే.

మా యజమాని పాతబస్తీ నుంచి వచ్చి అక్కడ దుకాణం పెట్టుకున్న పెద్దాయన. అందరికీ సాబ్. ఆడపిల్ల బిల్లు రాస్తే మగవాళ్ళు బేరం తక్కువ ఆడతారని ఆయనకొక నమ్మకం, అందుకే నన్ను పెట్టుకున్నారు. ఆ నమ్మకం నిజం కాదని మొదటి నెలలోనే తేలిపోయినా నన్ను తీసెయ్యలేదు. రెండో మనిషి మిస్త్రీ. డబ్బాలో ముక్కలుగా వచ్చిన సైకిల్‌ని బిగించి రోడ్డెక్కించేది అతనే. బోరబండ మనిషి. నన్ను 'మేడం' అని పిలిచేవాడు, ఆ పిలుపులో మర్యాద సగం, ఎగతాళి సగం.

మిస్త్రీ సైకిల్ బిగించే పద్ధతి మీకు చెప్పాలి, కథంతా దాని మీదే ఉంది. కొనే మనిషిని సైకిల్ పక్కన నిలబెట్టేవాడు. మోచెయ్యి సీటు ముక్కుకి ఆనించి చెయ్యి ముందుకు చాపమనేవాడు. వేలి కొనలు హ్యాండిల్‌కి తగిలితే కొలత సరిపోయినట్టు. అక్కడితో ఆగేవాడు కాదు. ఆ మనిషిని ఎక్కించి, ఇరానీ హోటలు దాటి మలుపు దాకా తొక్కి రమ్మనేవాడు. తను రోడ్డు అంచున గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, వెనక నుంచీ పక్క నుంచీ చూసేవాడు. "నడుము ఊగుతుంది. సీటు జర దించాలె," అని రెంచీ తీసేవాడు. కొలత చెయ్యి చెప్పేది, మిగతాది కన్ను చెప్పేది.

ఇది మగవాళ్ళకి. ఆడవాళ్ళకి ఈ రెండూ లేవు. ఆడమనిషిని పక్కన నిలబెట్టి చెయ్యి చాపమనడం, ఆవిడ తొక్కుతుంటే వెనక కూర్చుని నడుము ఊగుతోందో లేదో చూడడం మర్యాదస్తుడు చేసే పనేనా? అందుకని మిస్త్రీ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆడవాళ్ళు ఎటూ ఒంటరిగా రారు కదా. కూడా వచ్చిన అన్ననో, నాన్ననో, మొగుణ్ణో కొలిచి, అందులోంచి రెండు వేళ్ళు తగ్గించి బిగించేవాడు. ఆ అన్నగారే ఎక్కి, మలుపు దాకా తొక్కొచ్చి, "బాగుంది" అనేవాడు. చెల్లెలు తల ఊపేది. నేను బిల్లు రాసేదాన్ని. మొహమాటానికి పోతే ఏదో అయిందని ఒక సామెత ఉంది కదా, మా షాపులో మొహమాటానికి పోతే సైకిళ్ళు పెద్దవయ్యేవి. అలా అమీర్‌పేటలో ఎంతమంది ఆడపిల్లలు తమ అన్నల కొలతల మీద కూర్చుని తొక్కారో!

ఆ అమ్మాయి ఒక ఎండాకాలం మధ్యాహ్నం వచ్చింది. పంజాబీ డ్రెస్సు, చేతిలో సంచీ, సంచీలోంచి తొంగిచూస్తున్న తెల్లచీర అంచు. దుకాణంలోకి వచ్చి, వరసగా నిలబెట్టిన లేడీస్ సైకిళ్ళ వైపు చూడకుండా తల పైకెత్తింది. అక్కడ దూలానికి తాళ్ళతో కట్టిన రేసర్ సైకిలొకటి ఎన్నో నెలలుగా వేలాడుతోంది. కాలేజీ కుర్రాడెవరో ఆర్డరిచ్చి తీసుకోవడానికి రాలేదు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు.

"అన్నా, గా పైకి కట్టింది జర దించున్రి," అంది.

మిస్త్రీ ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని గుమ్మం వైపు చూశాడు. "అమ్మా, అది మొగపోరగాళ్ళది. లేడీస్ సైకిల్ ఉన్నది గదా, ముంగట బుట్ట సుత ఉంటది."

"బుట్టల నేనేం పెట్టుకోవాలె? బోరబండ నుంచి పంజాగుట్ట దాక తొక్కాలె అన్నా నేను, దినాం. గా లేడీస్ సైకిల్ నాకన్న బరువున్నది."

లోపలి నుంచి సాబ్ వచ్చారు. "సాథ్ ఎవరొచ్చిన్రు బేటీ? భాయా, అబ్బానా?"

"ఎవ్వరు రాలే సాబ్. సైకిల్ నాకు, వాళ్ళకు గాదు."

ఆమె పంజాగుట్టలో ఒక పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు నర్సు. వరంగల్ వైపు నుంచి వచ్చి బోరబండలో గది తీసుకుని ఉంటోంది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పొద్దుటి డ్యూటీకి బోరబండ నుంచి బస్సు దొరకదు, దొరికితే ఫుట్‌బోర్డు దొరకదు, రోజూ ఆలస్యమే. చీటీ ఎత్తి డబ్బు తెచ్చుకుంది. ఆ రేసర్ ఎవరూ కొనక పడుంది కాబట్టి సాబ్ ధర బాగా తగ్గించారు. అంతా కుదిరింది. మిస్త్రీకి మాత్రం కొలవడానికి అన్నగారు లేడు.

"మేడం," అన్నాడు మిస్త్రీ నన్ను చూసి, మునిగిపోయేవాడు గట్టు మీద మనిషిని పిలిచినట్టు. "మీరు జర కొలువున్రి. నేను చెప్త."

అలా నేను మొదటిసారి బల్ల దాటి బయటికొచ్చాను. మిస్త్రీ మాకు వీపు పెట్టి, గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి నిలబడి, పంతులు మంత్రం చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. "సిస్టరమ్మ మోచెయ్యి సీటు ముక్కుకు పెట్టుమనున్రి. పెట్టిందా? చెయ్యి సక్కగ ముంగటికి. ఏళ్ళు హ్యాండిల్‌కు అందినయా?"

"అందాయి," అన్నాను.

"పూరా?"

"పూరా అందాయయ్యా!" అన్నాను. వేళ్ళు హ్యాండిల్ అడ్డకడ్డీకి చక్కగా తగులుతున్నాయి. ఇంకేం కావాలి? మిస్త్రీ నట్లు బిగించేశాడు. సిస్టరమ్మ ఎక్కి, ఒక్క ఊపులో ఇరానీ హోటలు దాటి, చెట్ల కింద పంజాగుట్ట వైపు వెళ్ళిపోయింది. మిస్త్రీ అప్పుడు కూడా క్యాలెండరే చూస్తున్నాడు. అంతకుముందెప్పుడూ సైకిల్ అమ్మినందుకు నాకు సంతోషం కలగలేదు. ఆ రోజు కలిగింది.

రెండు వారాలు తిరక్కుండానే ఆమె సైకిల్‌ని నడిపించుకుంటూ తిరిగొచ్చింది. మొహం వాడిపోయి ఉంది. వచ్చి నా బల్ల ముందు నిలబడి అరచేతులు రెండూ తెరిచి చూపించింది.

"అక్కా, ఏళ్ళ కొనలు మొద్దుబారుతున్నయ్. తొక్కి దిగినంక గంట దాక సోయి ఉంటలేదు. నిన్న ఒక పాపకు సెలైన్ పెట్టాలె. నరం కంటికి కనవడదు అక్కా, గింతంత పిల్లకు, ఏలితోని ఎతకాలె. నా ఏలుకు దొరకలే. రెండుసార్లు పొడిచిన." వేళ్ళ కొనలు బొటనవేలితో నొక్కి చూసుకుంది. "పాప ఏడ్పు ఇంక చెవులనే ఉన్నది. ఇన్‌ఛార్జి సిస్టర్ పిలిచి చెప్పింది, ఇంకోసారి గిట్లయితే పర్మనెంటు సంగతి మర్చిపొమ్మన్నది."

సైకిల్ వల్ల పిర్రలు నొప్పులంటారు, మోకాళ్ళు పట్టేస్తాయంటారు. వేళ్ళేమిటి? తొక్కేది కాళ్ళతో కదా!

సాబ్‌కి చెప్పాం. ఆయన చెడ్డవారు కారు కానీ వ్యాపారంలో ఆయనకి కొన్ని మాటలు రాతి మీద రాసినట్టు ఉండేవి. "దుకాన్ దాటిన సైకిల్ వాపస్ రాదు బేటీ. పాత సైకిల్ లెక్క అమ్మిపెడ్త, ఎంతొస్తే గంత."

"పైసలు వాపస్ అడుగుతలే సాబ్," అంది సిస్టరమ్మ. "సైకిల్ నాకు సరిపొయ్యేటట్టు చెయ్యిన్రి అంటున్న. బస్సుకు పోతే లేటు, దీని మీద పోతే ఏళ్ళు పన్జెయ్యయి. నేనేం జెయ్యాలె చెప్పున్రి?"

సాబ్ నా వైపు చూశారు. "కొలిచింది నువ్వు. నువ్వే సూడు," అని లోపలికెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. మగవాళ్ళిద్దరూ కలిసి పనిని నా నెత్తిన పెట్టి, ఇప్పుడు తప్పు కూడా నా నెత్తినే పెట్టారు! అయినా ఆ అరచేతులు చూశాక కోపం తెచ్చుకుని ఏం చేస్తాను?

సైకిల్ దుకాణంలోనే ఉంచి ఆమె మళ్ళీ బస్సులకి వెళ్ళింది. మిస్త్రీ సీటు పైకెత్తాడు, దించాడు, హ్యాండిల్‌కి గుడ్డ చుట్టాడు. ఆమె వచ్చి తొక్కి చూసేది, ఇంకా ఎక్కువైందనేది. మిస్త్రీ మొహం క్యాలెండరు వైపే ఉండేది. నేను పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాను, కానీ నాకేం కనిపించాలో నాకు తెలియదు. ఎలా ఉంటే బాగున్నట్టో తెలియనిదానికి ఎలా ఉంటే బాగాలేదో ఎలా తెలుస్తుంది? చూస్తే తెలిసేవాడు చూడడంలేదు, చూస్తున్నదానికి తెలియడంలేదు. మధ్యలో ఆ అమ్మాయి ఉద్యోగం పోయేలా ఉంది.

"మిస్త్రీ, నాకు తొక్కడం నేర్పించు," అన్నాను ఒక రోజు.

అతను రెంచీ కింద పెట్టాడు. "మీకా మేడం? చీరతోనా?"

"కాదు, పంచె కట్టుకొస్తాను! నేర్పుతావా, లేదా?"

శుక్రవారం మధ్యాహ్నం సాబ్ నమాజుకి వెళ్ళేవారు. షట్టరు సగం దించేసేవాళ్ళం, బేరాలుండవు. అదీ మా బడి. కుచ్చెళ్ళు పైకి దోపి, కొంగు నడుముకి బిగించి, దుకాణంలోని పాత లేడీస్ సైకిల్ ఎక్కాను. మిస్త్రీ వెనక క్యారియర్ పట్టుకుని పరుగెత్తేవాడు. "ముంగటికి సూడున్రి మేడం! నన్ను సూడకున్రి, నేనేడికి పోత!" అని అరిచేవాడు. నేను వెనక్కి చూడ్డం, పడడం, లేవడం. ఎదురుగా ఇరానీ హోటలు వాళ్ళు చాయ్ కప్పులతో గుమ్మంలోకి వచ్చేశారు. ఒకాయన హ్యాండిల్ గట్టిగా పట్టుకోమనేవాడు, ఇంకొకాయన వదులుగా పట్టుకోమనేవాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను అనుకున్నా, మూడో శుక్రవారం నేను పడకుండా మలుపు తిరిగి వచ్చేసరికి వాళ్ళే చప్పట్లు కొట్టారు. మోచేతులు గీరుకుపోయి రక్తం కారుతున్నాయి, నా మొహం మాత్రం వెలిగిపోతోందని మిస్త్రీ అన్నాడు. మా వదిన అడిగితే మెట్ల మీద పడ్డానని చెప్పాను. ఆ నెలంతా మెట్ల మీద పడుతూనే ఉన్నాను.

ఆ తర్వాతి శుక్రవారం సిస్టరమ్మ రేసర్ ఎక్కాను. అప్పటికి నాకూ పంజాబీ డ్రెస్సు ఒకటి వచ్చింది, సిస్టరమ్మదే. ఆ రోజు ఆమెకి రాత్రి డ్యూటీ, అక్కడే నిలబడి చూస్తోంది; ఆమె ఉంది కాబట్టి మిస్త్రీ మొహం మళ్ళీ క్యాలెండరు వైపే. ఇద్దరం ఇంచుమించు ఒకే ఎత్తు. ఎక్కి నాలుగు తొక్కులు తొక్కానో లేదో నాకు విషయం అరచేతుల్లో తెలిసింది. చూపులతో నెలరోజులుగా దొరకనిది చేతులకి ఒక్క నిమిషంలో దొరికింది. నేను సీటు మీద కూర్చోలేదు, హ్యాండిల్ మీద వేలాడుతున్నాను! నా బరువంతా అరచేతుల మీద ఉంది. ఎందుకంటే నా చేతులు అడ్డకడ్డీ మీద లేవు. రేసర్ హ్యాండిలు ముందుకెళ్ళి వంగుతుంది కదా, బ్రేకులు ఆ వంపులో ఉంటాయి. బ్రేకు అందాలంటే చేతులు అక్కడికే వెళ్ళాలి. మేము కొలిచింది అడ్డకడ్డీ దాకా. ఆమె పట్టుకుని తొక్కుతున్నది దానికి జానెడు ముందు. ఆ జానెడు దూరం ఆమె రోజూ బోరబండ నుంచి పంజాగుట్ట దాకా చేతుల మీద పాకుతూ వెళ్తోంది.

"మిస్త్రీ!" అని తొక్కుతూనే కేకేశాను. "మనం కొలిచింది ఇక్కడికి! చేతులుండేది అక్కడ!"

"ఏడ?"

"ఇటు తిరిగి చూడవయ్యా బాబూ!"

అతను తిరిగాడు. నన్ను చూశాడు, అప్పుడు తల దించుకుని సిస్టరమ్మతో, "అమ్మా, ఒక్కసారి మీరెక్కున్రి. నేను జర సూస్త. ఏమనుకోకున్రి," అన్నాడు.

సిస్టరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అన్నా, నేను దినాం ఎంతమంది మొగోళ్ళ చేతులు పట్టుకుని సూది పొడుస్తనో ఎరుకనా? నువ్వు సూస్తె నేనేమన్న అరిగిపోతనా? ముందుగాల్నే సూస్తె నా ఏళ్ళు బాగుండు గదా!"

మిస్త్రీ మొహం చూడాలి. ఆ మనిషి ఆమెని ఎంతో గౌరవించాడు, ఆ గౌరవమే ఆమె వేళ్ళ మీదికి తెచ్చింది. అతను రోడ్డు అంచున గొంతుక్కూర్చుని ఒక కన్ను మూశాడు. ఆమె తొక్కింది. అతను చూశాడు. వెనక నుంచి, పక్క నుంచి, ఎదురు నుంచి. "మెడ పొడుగున్నది," అన్నాడు లేచి. మెడ అంటే హ్యాండిల్‌ని పట్టి ఉంచే వంపు ఇనుము. అది పొట్టిదైతే హ్యాండిల్ దగ్గరికొస్తుంది. అలాంటి పొట్టి మెడ దుకాణంలో ఒక్కదానికే ఉంది, అద్దం వెనక నిలబెట్టిన పిల్లల రేసర్ సైకిల్‌కి.

అదే సమయానికి సిస్టరమ్మ దిగిన రేసర్ మీద నేను సరదాపడి ఇంకో చుట్టు కొడదామని బయల్దేరాను. మలుపు దగ్గర తెల్లటి కుర్తా, తెల్లటి టోపీ. సాబ్ నమాజు నుంచి తిరిగొస్తున్నారు. నాకు ఎక్కడం వచ్చింది, తిరగడం వచ్చింది, కానీ కంగారులో బ్రేకు ఎక్కడుందో మర్చిపోయాను. "సాబ్, జరగండి! జరగండి సాబ్!" అని అరిచాను. ఆ వయసులో ఆయన అంత పైకి ఎగురుతారని ఎవరూ అనుకోలేదు. ఇరానీ హోటలు వాళ్ళు ఆ గెంతు గురించి ఏడాది పాటు చెప్పుకున్నారు.

ఆయన దుకాణంలోకి వచ్చి నా కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకున్నారు. "క్యా జీ యే? నా బిల్ రాసే పిల్ల రోడ్డు మీద సర్కస్ చేస్తున్నది, నా మిస్త్రీ కూసొని సూస్తున్నడు!"

మిస్త్రీ అన్నీ చెప్పి, చివర్న పిల్లల సైకిల్ మెడ అడిగాడు. సాబ్ మండిపడ్డారు. "కొత్త సైకిల్ మెడ తీస్తవా? దాన్ని ఎవడు కొంటడు మళ్ళ?" అప్పుడు సిస్టరమ్మ ఆయన ముందుకొచ్చి అరచేతులు చూపించింది, నాకు చూపించినట్టే. సాబ్ ఆ చేతుల్ని చూసి, గడ్డం రుద్దుకుని, "ఒక్కసారి," అన్నారు. "ఒక్క కోషిష్. సరిపోతే మంచిదే. సరిపోకపోతే ఈ బేటీ సైకిల్ అమ్ముకుంటది, నువ్వు మళ్ళ బల్ల దాటి బయటికి రావద్దు. సమజైందా?"

రెండో మాట నా వైపు చూసి అన్నారు. నెల క్రితం అయితే సరేనని బల్ల వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు ఆ బల్ల వెనక చోటు చూస్తుంటే ఊపిరాడలేదు. ఆ అమ్మాయి ఉద్యోగమూ, నా ఎండా గాలీ రెండూ ఒక ఇనుప మెడకి వేలాడుతున్నాయి.

తర్వాత ఏం జరిగిందో ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే చివర్న చెప్పాలనుకున్నది వేరే ఉంది. సిస్టరమ్మ ఉద్యోగం పర్మనెంటు అయింది. చాలా ఏళ్ళ తర్వాత వరంగల్‌లో మంచి ఉద్యోగం దొరికితే ఆ సైకిల్‌ని బస్సు టాపు మీద కట్టించుకుని తీసుకుపోయింది. మా దుకాణంలో బిల్లులు రాయడానికి సాబ్ వేరే మనిషిని పెట్టారు. నేను రోడ్డు మీదే ఉండేదాన్ని. ఆడవాళ్ళెవరొచ్చినా నేను కొలిచేదాన్ని, నేను తొక్కించేదాన్ని, మిస్త్రీ గొంతుక్కూర్చుని చూసేవాడు. కూడా వచ్చిన అన్నగార్లు ఎదురుగా చాయ్ తాగుతూ కూర్చునేవారు. మొదట్లో మొహాలు మాడ్చుకున్నారు, తర్వాత అలవాటుపడ్డారు. పాపం ఆ పిల్లల రేసర్‌కి మాత్రం పొడుగు మెడ బిగించాల్సి వచ్చింది, సాబ్ చెప్పినట్టే అది చాలాకాలం ఎవరూ కొనలేదు. సాబ్ అప్పుడప్పుడు దాని వైపు చూసి నిట్టూర్చేవారు గానీ మమ్మల్ని ఒక్కమాట అనలేదు. ఆయనా లేరు, మిస్త్రీ లేడు, ఆ దుకాణమున్న చోట ఇప్పుడేదో కంప్యూటర్ కోర్సుల బోర్డు ఉంది. పంజాగుట్ట వైపు వెళ్ళినప్పుడల్లా ఆటోవాణ్ణి అక్కడ కాస్త నెమ్మదిగా పోనివ్వమంటాను. వాడు ఎవరికోసమో అనుకుని అటూ ఇటూ చూస్తాడు.

ఇక చివరిది. ఆ శుక్రవారం మిస్త్రీ అప్పటికప్పుడే పిల్లల సైకిల్ మెడ తీసి రేసర్‌కి బిగించాడు. సీటు కాస్త ముందుకి జరిపాడు. ఈసారి మోచెయ్యి సీటుకి ఆనించి, చెయ్యి బ్రేకు వంపు దాకా కొలిచాం. సిస్టరమ్మ ఎక్కింది. "పంజాగుట్ట చౌరస్తా దాక పోయి వస్త," అంది. ఎత్తు ఎక్కాలి, మళ్ళీ దిగాలి, రోజూ వెళ్ళే దారే. వెళ్ళింది.

మేము ముగ్గురం గుమ్మంలో నిలబడ్డాం. సాబ్ టోపీ కూడా తియ్యలేదు. మిస్త్రీ రెంచీని చేతిలోంచి చేతిలోకి మార్చుకుంటున్నాడు. ఇరానీ హోటలు వాళ్ళకి సంగతేమిటో సగమే తెలిసినా వాళ్ళూ కప్పులు పట్టుకుని పంజాగుట్ట వైపే చూస్తున్నారు. బస్సు వచ్చింది, లారీ వచ్చింది, ఆమె రాలేదు. వేళ్ళు మొద్దుబారి మధ్యలో దిగిపోయిందేమోనని నేను రెండడుగులు రోడ్డు మీదికి వేసి తొంగి చూశాను.

చెట్ల కింద నుంచి ఆమె కనిపించింది. గబగబా వచ్చి మా ముందు దిగింది, ఆయాసపడుతోంది. స్టాండు వేసి, వేళ్ళు ముడిచి, తెరిచి, ముడిచింది.

"ఎట్లున్నది అమ్మా?" అన్నాడు మిస్త్రీ.

"గిట్ల సూస్తె తెల్వదన్నా. ఒకరి చెయ్యి కావాలె."

మిస్త్రీ గ్రీజు చేతులు రెండూ గభాలున వీపు వెనక దాచుకున్నాడు. సాబ్ నన్ను చూశారు. నేను చెయ్యి ముందుకు చాపాను. సిస్టరమ్మ నా మణికట్టు తిప్పి, మూడు వేళ్ళ కొనలు దాని మీద ఆనించి, కళ్ళు మూసుకుంది. ఆమె వేళ్ళు చల్లగా, చెమటగా ఉన్నాయి. ఒక చోట ఆనించింది, కాస్త పక్కకి జరిపింది. మళ్ళీ జరిపింది.

"దొరికిందా?" అన్నాను.

"మాట్లాడకు అక్కా."

వేళ్ళు ఇంకొంచెం జరిగి ఒకచోట ఆగాయి. అక్కడే ఉండిపోయాయి. ఆమె పెదవులు కదులుతున్నాయి, లెక్క పెట్టుకుంటోంది. తర్వాత కళ్ళు తెరిచి, నా మొహం చూసి, ఫక్కున నవ్వింది.

"గింత జోరుగ కొట్టుకుంటున్నదేంది అక్కా? తొక్కింది నేను గదా!"